పదో తరగతి తర్వాత ఏ దారి? నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల కోసం ఒక పోలిక

సంక్రాంతి దాటిందంటే పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు కాలేజీల పీఆర్వోలు రావడం మొదలవుతుంది. చేతిలో రంగుల బ్రోచర్, నోట్లో "ఇప్పుడే సీటు బుక్ చేస్తే కన్సెషన్" అన్న మాట. నల్లగొండ టౌన్‌లోనైనా, వనపర్తిలోనైనా, దేవరకొండ దగ్గరి తండాలోనైనా ఇదే వరస. ఆ హడావిడిలో అమ్మానాన్నలు అందరినీ ఒకటే అడుగుతారు: "ఏ కాలేజీ మంచిది సార్?"

అంతా బాగా కుదిరితే ఏమవుతుందో ప్రతి బ్రోచర్ చెబుతుంది. కుదరకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, మనమే కనుక్కోవాలి. అందుకే ఇక్కడ దారులన్నింటినీ ఒకే ప్రశ్నతో పోలుస్తాను. ఏడాది తర్వాత పిల్లవాడో, ఆడపిల్లో "నా వల్ల కాదు" అంటే చేతిలో ఏం మిగులుతుంది, అక్కడి నుంచి ఎటు మళ్లొచ్చు?

ముందు గ్రూపు, తర్వాతే కాలేజీ

చాలా ఇళ్లలో కాలేజీ ముందు ఖాయమవుతుంది, గ్రూపు అక్కడి కౌంటర్ దగ్గర తేలుతుంది. ఇది తలకిందుల పని. కాలేజీ రెండేళ్లకు అయిపోతుంది, గ్రూపు మాత్రం ఆ తర్వాత కూడా వెంట వస్తుంది.

ఎంపీసీ అంటే ఇంజినీరింగ్ అనుకుంటారు. నా దృష్టిలో దాని అసలు బలం మళ్లే వీలు ఉండటం. ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు రాకపోయినా, డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ ద్వారా బీఎస్సీ, బీకాం, బీఏ దేనిలోనైనా చేరొచ్చు. బీఫార్మసీకి వెళ్లొచ్చు, లాసెట్ రాసి ఐదేళ్ల లాలో చేరొచ్చు. సైనిక అధికారుల శిక్షణ సంస్థ ఎన్‌డీఏలో నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ అడుగుతారు కాబట్టి ఆ తలుపూ తెరిచే ఉంటుంది. ఒక్క షరతు ఉంది. పదిలో లెక్కలకు మంచి మార్కులొచ్చాయని ఎంపీసీ తీసుకుంటే సరిపోదు, ఇంటర్ మ్యాథ్స్ బరువు వేరు. పిల్లలు లెక్కను బట్టీ పట్టి దింపారా, తెలిసే చేశారా అన్నది స్కూల్‌లో చెప్పిన టీచర్‌కు బాగా తెలుస్తుంది. ఈ విషయంలో మెమో కంటే ఆ టీచర్ మాటకే ఎక్కువ విలువివ్వండి.

బైపీసీలో మళ్లే దారులు కొంచెం తక్కువ. ఇంజినీరింగ్ వైపు రావాలంటే చాలా బ్రాంచీలకు మ్యాథ్స్ మళ్లీ చదవాల్సిందే. మన దగ్గర బైపీసీ చేర్పించే ఇళ్లలో ఎక్కువ భాగం ఎంబీబీఎస్ ఒక్కటే మనసులో పెట్టుకుంటాయి. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 2016 దాకా సర్కారు మెడికల్ కాలేజీ ఒక్కటీ లేదు. ఇప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట అని పేర్లు చదవొచ్చు. అయినా ఇంటి పక్కన కాలేజీ వచ్చినంత మాత్రాన సీటు తేలిక కాదు. సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీట్లు రాష్ట్రమంతటికీ కలిపి నీట్ మెరిట్ మీదే నిండుతాయి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. పేపర్ తెలుగులో కూడా రాయొచ్చు, ఈ సంగతి తెలుగు మీడియం పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పరు.

కాబట్టి బైపీసీ తీసుకునేటప్పుడే రెండో మాట ఇంట్లో అనుకోవాలి. ఎంబీబీఎస్ రాకపోతే బీఎస్సీ అగ్రికల్చర్, బీఎస్సీ నర్సింగ్, బీఫార్మసీ, వెటర్నరీ, ఫిజియోథెరపీల్లో దేనికి సిద్ధం? అగ్రికల్చర్ కోర్సుకు ఈఏపీసెట్ ర్యాంకు కావాలి. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా కూడా ఉంది, దానికి భూమి కాగితాలు, పల్లెలో చదివిన రుజువు అడుగుతారు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోనే వ్యవసాయ కళాశాల ఉంది. పత్తి, వరి చేసే ఇంటి పిల్లలకు ఇది రెండో రకం చదువుగా కనిపించడం నాకైతే విచిత్రం. "లాంగ్‌టర్మ్ పెట్టిద్దాం", అంటే నీట్ కోసం ఇంకో ఏడాది కోచింగ్ ఇప్పిద్దాం అన్నది మాత్రం సరైన రెండో మాట కాదు. అది మొదటి మాటనే మరో ఏడాది సాగదీయడం. ఆడపిల్ల విషయంలో ఇంకొకటి ఉంది. మన పల్లెల్లో చదువులో ఒక ఏడాది ఖాళీ వస్తే పెళ్లి సంబంధాల మాట మొదలయ్యే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట లాంగ్‌టర్మ్ ఇంటి దగ్గర ఉండి రాయిద్దామనుకుంటే, ఆ ఏడాది చదువుకు ముగింపు అయ్యే ప్రమాదముంది. ఏదైనా కోర్సులో చేర్పించాకే మిగతా ఆలోచన.

సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) గురించి ఎక్కువ చెప్పను. సీఏ చేయాలనుకునేవాళ్లకు, లా వైపు వెళ్లేవాళ్లకు, గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల మీద నిజంగా మనసున్నవాళ్లకు ఇవి మంచి గ్రూపులు. సైన్స్ రాదని "ఏదో ఒకటి" అనుకుంటూ చేర్పిస్తే మాత్రం ఏ గ్రూపైనా ఒకటే. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్ పాస్ కావాలి, ఏ గ్రూపని అడగరు.

ఇంటి దగ్గరి సర్కారు కాలేజీయా, గురుకులమా, హైదరాబాద్ హాస్టలా

అసలు గొడవంతా ఇక్కడే.

సర్కారు జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. లెక్చరర్లు పీజీ చేసి వచ్చినవాళ్లు, కొందరు పోటీ పరీక్షలు రాసి చేరినవాళ్లు. కొన్ని చోట్ల పోస్టులు ఖాళీగా ఉండి గెస్ట్ లెక్చరర్లతో నడుస్తాయి. చేర్చే ముందు ఆ కాలేజీకి వెళ్లి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీకి ఎవరున్నారో అడగండి, దాచేదేమీ ఉండదు. లోటు ఎక్కడంటే, పిల్లలను వెంటపడి చదివించేవాళ్లు తక్కువ. రాకపోతే ఇంటికి ఫోన్ రాకపోవచ్చు. సొంతంగా పుస్తకం తెరిచే పిల్లలకు ఇది మంచి చోటు, తోస్తేగానీ కదలని పిల్లలకు కష్టం.

పాత లెక్కలు వేసుకునేవాళ్లకు రెండు మార్పులు చెప్పాలి. మొదటిది, ఇంజినీరింగ్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. ఇప్పుడు ఈఏపీసెట్ 160 మార్కులే ర్యాంకును తేలుస్తాయి, నెగెటివ్ మార్కులు లేవు. గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉంటే అర్హత వస్తుంది. అంటే వెయ్యికి 980 తెప్పిస్తామన్న కాలేజీ మాటకు ఈఏపీసెట్ వరకు పెద్ద విలువ లేదు. ఎన్‌ఐటీ మీద ఆశ ఉంటే లెక్క వేరు, జేఈఈ మెయిన్ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం చూస్తారు. రెండోది బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. హాలియా నుంచి నల్లగొండకో, దేవరకద్ర నుంచి మహబూబ్‌నగర్‌కో ఆడపిల్ల రోజూ వెళ్లి రావడానికి చార్జీ అడ్డం కాదు. ఇక చూడాల్సింది సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికి, స్టాండ్ నుంచి ఊరికి ఎంత దూరం అన్నవే.

కుదరకపోతే? ఇంటి దగ్గరే ఉంటారు కాబట్టి తేడా మీకు ముందే కనిపిస్తుంది, డబ్బూ పోదు. ఈ ఒక్క విషయంలో సర్కారు కాలేజీకి సాటి లేదు.

గురుకులాలకు మన ప్రాంతానికి పాత బంధం. పీవీ నరసింహారావు చొరవతో 1971లో మొదలైన సర్వేల్ గురుకులం అప్పటి నల్లగొండ జిల్లాదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. ఈ రోజు సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ, జనరల్ గురుకులాలన్నింటికీ జూనియర్ కాలేజీలున్నాయి. కొన్నింటికి ప్రవేశ పరీక్ష రాయాలి. నోటిఫికేషన్లు పది పరీక్షలకు అటూ ఇటూగా వస్తాయి, ఫలితాల కోసం ఆగితే గడువు దాటిపోవచ్చు. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు కూడా ఉన్నాయి, వాటిలో చాలావరకు ఇప్పుడు ఇంటర్ దాకా నడుస్తున్నాయి. అమ్మానాన్న పనికోసం ముంబయికో, పుణెకో పోయి, పిల్లలు తాత దగ్గర మిగిలిన ఇళ్లు నారాయణపేట వైపు, అచ్చంపేట వైపు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఇంటికి నేను కళ్లు మూసుకుని గురుకులమే చెబుతాను. చదువు, తిండి, పడక మూడూ ఒకేచోట, ఖర్చు లేకుండా దొరికే వేరే దారి లేదు. తిండి గురించి ఫిర్యాదులు పేపర్లో వస్తూనే ఉంటాయి. చేర్చే ముందు ఒక మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లి చూడండి. బాత్రూములు కూడా చూడండి. మొహమాటపడొద్దు.

ఇక హైదరాబాద్ హాస్టల్. పొలం కుదువపెట్టి, చిట్టీ ఎత్తి కట్టే ఫీజు ఇది. ఇందులో మంచి లేదనను. రోజూ టెస్టులు, టైంకు స్టడీ అవర్స్, పోటీ పరీక్షల మెటీరియల్ ఇవన్నీ నిజమే. పిల్లల్లో దమ్ము ఉండి, టాప్ బ్యాచ్‌లో సీటొస్తే ఆ వాతావరణం బాగా పనిచేస్తుంది. అయితే పేపర్ మొదటి పేజీలో కనిపించే ర్యాంకులు ఆ టాప్ బ్యాచ్‌వే. మీ పిల్లలు చేరేది బహుశా మామూలు సెక్షన్. ఫీజులో తేడా పెద్దగా ఉండదు, చెప్పే లెక్చరర్లలో మాత్రం తేడా ఉంటుంది.

పీఆర్వోను ఇలా అడిగి చూడండి. మా పిల్లవాణ్ని ఏ సెక్షన్‌లో వేస్తారు, పోయిన ఏడాది ఆ సెక్షన్‌లో మధ్యస్తంగా ఉన్నవాళ్లకు ఎంత ర్యాంకు వచ్చింది? హాల్‌టికెట్ మీద ఏ కాలేజీ పేరు పడుతుంది? చదివేది ఒక బిల్డింగ్‌లో, రికార్డుల్లో ఉండేది మరో కాలేజీలో అయితే అక్కడే ఆగండి. ఆ బ్రాంచికి ఈ ఏడాది ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందా? గుర్తింపు ఉన్న కాలేజీల వివరాలు బోర్డు వెబ్‌సైట్‌లో పెడతారు, పక్క ఇంటి డిగ్రీ చదివే పిల్ల ఫోన్‌లో చూసి చెబుతుంది. ఆఖరిది, దసరాకి మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారు? ఈ ప్రశ్నకు నోటితో చెప్పిన జవాబు చెల్లదు, రాసివ్వమనండి. కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరుతో రసీదు తీసుకోండి, ఎవరిదో ఫోన్ నంబర్‌కు డబ్బు కొట్టకండి.

నా సలహా సూటిగా చెప్పాలంటే, అప్పు చేసి మామూలు సెక్షన్‌లో చేర్పించడం కంటే అదే పిల్లను ఊరి దగ్గరి కాలేజీలో పెట్టి, రెండో ఏడాదిలోనో, పరీక్షల తర్వాతి వారాల్లోనో ఈఏపీసెట్ కోచింగ్ ఇప్పించడం మేలు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు తగ్గ పిల్లలైతే ఈ మాట వర్తించదు. అలాంటివాళ్లకు ఫీజు తగ్గించి పిలిచే కాలేజీలు ఉంటాయి, బేరం మీ చేతిలో ఉంటుంది.

కృష్ణ దాటి పంపేవాళ్లు ఇది చదవండి

మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్ వైపు ఇళ్లు విజయవాడ, గుంటూరు చూస్తాయి. అలంపూర్, గద్వాల వాళ్లకు హైదరాబాద్ కంటే కర్నూలు దగ్గర. ఇంటర్ అక్కడ చదివిస్తే లోకల్ కోటాలో ఏమవుతుందో చాలామంది ఆలోచించరు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో తెచ్చిన జీవో 33 ప్రకారం, ఎంబీబీఎస్, బీడీఎస్‌లో లోకల్‌గా లెక్కించాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు, తెలంగాణలోనే చదివి ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల వంటి కొందరికే మినహాయింపు. దీని మీద కేసులు నడిచాయి, 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. కన్వీనర్ కోటాలో చాలావరకు సీట్లు లోకల్ వాళ్లవే. గద్వాల పిల్ల కర్నూలులో బైపీసీ చదివితే గద్వాల మెడికల్ కాలేజీలోనే నాన్‌లోకల్ అవుతుంది. బైపీసీ, మెడిసిన్ అనుకునే ఇంటికి ఇది ఒక్కటే చాలు, నది దాటకపోవడానికి. మిగతా కోర్సుల నిబంధనలు వేరుగా ఉంటాయి. చేరే ముందు ఆ సెట్ నోటిఫికేషన్‌లో "లోకల్ అభ్యర్థి" అన్న పేరా చదివించుకోండి.

పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ

పాలిటెక్నిక్‌ను మన వాళ్లు "ఇంటర్‌కు పనికిరాని పిల్లల చదువు"గా చూడటం మానలేదు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లొచ్చు. పది తర్వాత లెక్కిస్తే ఇంటర్, బీటెక్ దారిలానే ఆరేళ్లు, మధ్యలో చేతికి ఒక డిప్లొమా అదనం. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 మార్కులు, అందులో 60 మ్యాథ్స్‌వి, మిగతావి ఫిజిక్స్, కెమిస్ట్రీవి. అన్నీ పదో తరగతి సిలబస్సే. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో సర్కారు పాలిటెక్నిక్‌లున్నాయి, వనపర్తిది రాజావారి కోటలోనే నడుస్తోంది. ఫీజు కొన్ని వేలలోనే.

మన జిల్లాల్లో ఈ డిప్లొమాకు పని ఉంది. దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంట్, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలు, చౌటుప్పల్ వైపు మందుల ఫ్యాక్టరీలు. ఎలక్ట్రికల్, మెకానికల్ చదివినవాళ్లకు ఇంటికి దగ్గరలోనే ఉద్యోగం వెతుక్కునే వీలుంది. కంప్యూటర్ బ్రాంచి కోసం ఎగబడే ముందు ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

దీని బలహీనత ఎక్కడంటే, మధ్యలో మానేస్తే చేతిలో పది మెమో తప్ప ఏమీ ఉండదు. తెలుగు మీడియం నుంచి వెళ్లిన పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లిష్‌లో ఇంజినీరింగ్ మాటలు, డ్రాయింగ్ ఒకేసారి మీద పడతాయి. ఆ ఏడాది గట్టెక్కేదాకా ఇంట్లోవాళ్లు పట్టించుకోవాలి. పనిముట్లు విప్పి చూసే పిల్లలకు పాలిటెక్నిక్ ఎక్కువ నప్పుతుందని నా అనుభవం.

బాసర ట్రిపుల్ ఐటీ ఆరేళ్ల చదువు. మొదటి రెండేళ్లు పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. పది మార్కుల మీదే సీటిస్తారు, సర్కారు బడిలో చదివినవాళ్లకు కొంత అదనంగా కలుపుతారు. 2025లో మహబూబ్‌నగర్‌లో కూడా దీని కేంద్రం మొదలైంది. జిల్లా పరిషత్ స్కూల్లో మంచి మార్కులు తెచ్చుకుని, లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు దరఖాస్తు చేయకుండా ఉండకూడదు. ఒకవేళ పీయూసీ అయ్యాక బయటికి రావాలనిపించినా అది ఇంటర్‌తో సమానంగా చెల్లుతుంది.

ఐటీఐ గురించి రెండు మాటలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటివి రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. కరెంటు కంపెనీల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు ఎలక్ట్రికల్ ఐటీఐ అర్హత. రాష్ట్రంలో చాలా సర్కారు ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చి కొత్త యంత్రాలు తెచ్చారు. రెండేళ్ల కోర్సు మంచి మార్కులతో పాసైతే ఎల్‌పీసెట్ ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అంటే ఐటీఐ నుంచి డిప్లొమా, అక్కడి నుంచి బీటెక్ దాకా మెట్లు ఉన్నాయి. తొందరగా సంపాదన కావాల్సిన ఇంటికి ఇంతకంటే నిజాయితీ గల దారి నాకు కనిపించదు.

ఎనిమిది, తొమ్మిది నుంచే చేసుకోవాల్సినవి

సర్కారు బడిలో ఎనిమిది చదివే పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. తొమ్మిదిలోనే ఆధార్‌లో పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ స్కూల్ రికార్డుతో ఒక్క అక్షరం తేడా లేకుండా సరిచూసుకోండి. పది మెమో అచ్చయ్యాక దిద్దించడం పెద్ద తిరుగుడు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో మే నెలలోనే పెట్టండి, జూన్‌లో సర్వర్ డౌన్ అన్న మాట వినక తప్పదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిలే అని ధీమాగా ఉండకండి. బీసీ, ఈబీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో 10,000 లోపు ర్యాంకైతే పూర్తి ఫీజు, ఆపైన ఏడాదికి 35,000 వరకే అన్నది చాలా ఏళ్లుగా నడుస్తున్న లెక్క. బకాయిలు ఏళ్ల తరబడి ఆగడం, కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుని "ముందు మీరు కట్టండి" అనడం మన జిల్లాల్లో కొత్త కాదు. కాలేజీ ఎంచుకునేటప్పుడే ఆ తేడా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అనుకోవాలి.

దసరా సెలవులకు వచ్చి, తిరిగి వెళ్లనంటే

ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. ఫీజు కట్టేశామన్న కోపంతో బలవంతంగా బస్సెక్కించకండి. ముందు రెండు రోజులు ఏమీ అడగకుండా తిననివ్వండి, నిద్రపోనివ్వండి. ఆ తర్వాత కారణం వెతకండి. ఇంటి మీద బెంగ అయితే వారానికొకసారి వెళ్లి చూసి రావడంతో సర్దుకోవచ్చు. తిండి, నిద్ర సమస్య అయితే డే స్కాలర్‌గా మార్చి చుట్టాలింట్లో పెట్టొచ్చు. పాఠమే అర్థం కాకపోతే గ్రూపు తప్పిందేమో చూడాలి. అలాంటప్పుడు ఒక ఏడాది పోయినా సరే, వచ్చే జూన్‌లో సరైన గ్రూపులో చేర్చడం రెండేళ్లు ఈడ్చడం కంటే నయం. ఎవరైనా కొడుతున్నారా, వేధిస్తున్నారా అన్నది వేరుగా, మెల్లగా, ఇంట్లో పిల్లలకు చనువున్న మనిషితో అడిగించండి. కాలేజీ మాత్రమే మారాలనుకుంటే ఫస్టియర్ పరీక్షలు రాయించి, బోర్డు అనుమతితో రెండో ఏడాదికి మార్చే ప్రయత్నం చేయండి. పిల్లలు అసలు మాట్లాడటం మానేసినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా, దాన్ని బెదిరింపు అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య సహాయం కోసం ఉన్న టెలీమానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.